పరుపు ఏకిన రోజు

చిన్న కథ. పెనం మీద రొట్టె తిరగేసేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు చావిట్లో ఎవరెక్కడ కూర్చుంటారో తెలియాలి.

పెన్న ఒడ్డున, దర్గా పక్కనున్న చావిట్లో లతీఫ్ షా అనే గురువు ఉండేవాడు. అందరూ తాత అనేవారు. దేవుడి ముందు అందరూ ఒకటేనని ఆయన చెబుతుంటే మొదటి వరసలోని జాగీర్దారు కుటుంబాలవాళ్లు తలలూపేవారు. వాళ్ల వెనక వ్యాపారులు. గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, మిగతా జనం. జాగీర్దారుగారి బావమరిది ఒకసారి పొరపాటున రెండో వరసలో కూర్చుని, ఆ అవమానానికి మంచం పట్టాడు. ఇంట్లోవాళ్లు మాత్రం జ్వరమని చెప్పారు.

ఆ వరసలు సరిచూసేది ఖాదర్ వలి, తాత ముఖ్య శిష్యుడు. తన ముత్తాత నవాబు ఫౌజులో సుబేదారని చెప్పుకునేవాడు. తుమ్మినా ఉర్దూలోనే తుమ్మేవాడు.

ఈ కథ జరిగిన రోజుకు మర్నాడు దర్గాలో ఉరుసు పండగ. ఆ రోజు తాత తన వారసుడికి పచ్చ తలపాగా కట్టబోతున్నాడు. అది తన తలకేనని ఖాదర్‌కు తెలుసు. తాను పుట్టింది దూది ఏకి పరుపులు కుట్టే దూదేకులవాళ్లింట్లోనని బయటపడితే మొదటి వరస ఒప్పుకోదనీ తెలుసు.

"నేను కూర్చునే పరుపు గడ్డలు కట్టింది," అన్నాడు తాత ఉన్నట్టుండి. "వీధిలో దూదేకే ఆయన పోతున్నట్టున్నాడు, పిలవండి."

దూదేకే విల్లు భుజానేసుకుని ఒక ముసలాయన లోపలికొచ్చాడు. ఖాదర్‌ను చూసి ఆగిపోయాడు.

"ఒరే ఖాదరూ! నువ్వేనా రా? మీ అమ్మ పోయేముందు కూడా నిన్నే అడిగింది గదరా!"

అమ్మ పోయిందన్న సంగతి ఖాదర్‌కు అప్పుడే తెలిసింది. మొదటి వరస మొత్తం అతనివైపు తిరిగింది.

"ఎవరీయన?" అన్నాడు, ఉర్దూలో.

ఆయన హుసేనయ్య. ఖాదర్‌కు సొంత మేనమామ. కాసేపు మేనల్లుడి మొహంలోకి చూశాడు.

"పొరపాటైంది సాయెబూ. మా అల్లుడొకడు అచ్చం ఇట్లాగే ఉండేవాడు."

కూర్చుని పరుపు విప్పాడు. విల్లు తాడు మోగింది. దూది లేచి చావిడంతా తేలింది. ఎవరి గడ్డం దొరికితే దాని మీద వాలింది. పెద్దమనుషులు దగ్గారు.

పరుపు కుట్టడం అయ్యాక తాత దాని మీద కూర్చోలేదు. వచ్చి హుసేనయ్య పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"ఖాదర్, నువ్వు కూర్చో."

"మీ పరుపు మీదా, హుజూర్?"

"రేపట్నుంచి నీదేగా. ఎట్లా ఉందో చెప్పు."

ఖాదర్ కూర్చున్నాడు. చిన్నప్పుడు ఏకిన దూది కుప్పలోనే పడి నిద్రపోయేవాడు. లేచాక అమ్మ అతని జుట్టులోంచి దూది ఏరుతూ తిట్టేది.

"మెత్తగా ఉంది."

"ఎవరి చేతి పనది?"

ఖాదర్ పరుపు కుట్టు మీద వేలు నడిపాడు. తర్వాత తెలుగులో అన్నాడు.

"మా మామది."

మొదటి వరస లేచింది. గడ్డాలు దులుపుకుని వెళ్లిపోయింది.

మర్నాడు వాళ్లెవరూ రాలేదు. తలపాగా ఖాదర్‌కే కట్టారు. కట్టేటప్పుడు గుడ్డ కొస పట్టుకున్నది హుసేనయ్య. చెప్పుల దగ్గరివాళ్లు సంతోషంగా ముందుకు జరిగారు. ఖాళీ అయిన మొదటి వరసలో ఎవరు కూర్చోవాలన్న దాని మీద మధ్యాహ్నానికల్లా కొట్టుకున్నారు. ఇద్దరికి తలలు పగిలాయి.

తాత ఖాదర్ తలపాగా సర్దాడు.

"వెళ్లు నాయనా," అన్నాడు. "నీ పని మొదలైంది."