అడుగు స్వరం

గుడ్‌ఫ్రైడే రెండు రోజుల్లోకి వచ్చేసింది. నిస్సికి అన్నం సహించడం లేదు.

సిలువ పాటలో తల్లి ఏడ్చే చరణం దగ్గర దిగులు పలికించే సి మైనర్ నైన్త్ వస్తుంది. అది ఐదు స్వరాలు ఒకేసారి మోగే కార్డ్. బొటనవేలు గిటార్ మెడ వెనక ఇరుక్కుంటే మిగిలేవి నాలుగు వేళ్లే. అవే స్వరాలను కిందామీదా మార్చి పట్టుకునే ఇన్వర్షన్లన్నీ కంఠతా పట్టింది. అయినా వేళ్లు సర్దుకునేలోపే పాట ముందుకెళ్లిపోతోంది. పోయిన ఆదివారం ఆమె వల్ల క్వయర్ మొత్తం తడబడింది. ఇంకోసారి ఇలాగైతే గిటార్ లేకుండానే పాడేద్దామన్నారు పాస్టరు గారు.

గిటార్ నేర్పే ప్రభుదాసు మాస్టారు ఆమె చెయ్యి చూశారు.

"అడుగున ఆ సి స్వరం ఎందుకమ్మా? వదిలెయ్."

"అమ్మో, అసలుదే అది కదా మాస్టారూ! అది తీసేస్తే మిగిలేది మేజర్ కార్డ్. సిలువ దగ్గర పెళ్లిపాట వాయించినట్టుంటుంది."

"వాయించు."

మిగిలిన నాలుగు స్వరాలే పట్టుకుని మీటింది. అన్నంత పనీ అయింది, కార్డ్ హాయిగా మోగింది. నిస్సికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మాస్టారు కళ్లు మూసుకుని, గొంతు బాగా దించి, ఊఁ... అంటూ ఆ సి అందుకున్నారు.

"మళ్లీ మీటు" అన్నట్టు చెయ్యి ఊపారు. మీటింది. అవే నాలుగు తీగలు, అవే వేళ్లు. గదినిండా దిగులు.

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు. దిగులు పోయింది.

"శుక్రవారం మీరు నా పక్కన ఉండరు కదా" అంది నిస్సి.

"అడుగు స్వరాలకి బేస్ గిటార్ మీద ఏసుపాదం ఉన్నాడుగా."

"ఆయన మరీ నిదానం మాస్టారూ. టైముకి అందుకోకపోతే?"

"అతను వాయించేది నువ్వెప్పుడైనా విన్నావా?"

మూడేళ్లుగా నిస్సి ఏసుపాదం గారి పక్కనే నిలబడుతోంది. తన వేళ్లు చూసుకోవడంతోనే సరిపోయింది.

శుక్రవారం ఆ చరణం వచ్చింది. నిస్సి నాలుగు తీగలే మీటింది. నిండు చర్చిలో ఆమె కార్డ్ ఒక్కటే నవ్వుతున్నట్టు మోగింది. వేలు సి వైపు పాకబోయింది.

వేలిని ఆపుకుని, తల తిప్పి ఏసుపాదం గారి వైపు చూసింది.

ఆయన తాపీగా బేస్ తీగ లాగి, ఆ సి అందుకున్నారు.

ముందు వరసలో ఓ ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.