బీమూ పిల్లరూ కలిసేచోట

మా రామశేషయ్య మాస్టారు ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు కూర్చోవడానికి చోటు చూసుకునేవారు. కాలేజీలో స్ట్రక్చర్స్ చెప్పినన్నాళ్ళూ అంతే. ఆయన స్కూటరు సంగతి కూడా చెప్పాలి గానీ, మొదలుపెడితే ఇవాళ్టికి తెమలదు.

ఒంగోలులో ఒక ప్రసూతి ఆసుపత్రి కడుతుండగా, నా సహాధ్యాయి కోటిలింగం అక్కడ కొత్త ఇంజనీరు. ఒకరోజు పొద్దున్నే మాస్టారినీ నన్నూ పిలిపించాడు. మధ్యాహ్నం స్లాబుకు కాంక్రీటు. అతను సంతకం పెట్టాలి. కానీ బీములూ పిల్లర్లూ కలిసే మూలల్లో, పిల్లరు కడ్డీల్ని చుట్టి పట్టే ఇనప రింగులు లేవు. బీము కడ్డీలు ముందే కట్టి దింపేశారు. ఇక రింగు దూరే సందు లేదు.

"జానెడు చోటు మాస్టారూ. పిల్లరు గట్టిది, బీము గట్టిది. ఎప్పుడో వచ్చే భూకంపం కోసం ఇప్పుడు పని ఆపితే నా ఉద్యోగం ఉంటుందా? మధ్యలో నాలుగు రింగులు లేకపోతే ఏమవుతుందండీ?"

మాస్టారు వాచ్‌మన్ నులకమంచం మీద కూర్చున్నారు. మంచం కిర్రుమని పక్కకు ఒరిగింది. కడ్డీల మేస్త్రి పోలయ్య పరుగున వచ్చి పట్టుకున్నాడు.

"ఏం విరిగింది పోలయ్యా?"

పోలయ్య వంగి చూశాడు. "ఏం విరగలేదయ్యా. మంచం కోళ్ళు టేకువి, పట్టెలూ గట్టివే. మూలలు వదులు, అంతే."

"టేకు కోళ్ళుండీ నన్ను పడేయబోయిందే!"

పోలయ్య ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత పైన సెంట్రింగు చెక్కల మీదున్న కడ్డీల వైపు చూశాడు. "మీరు మంచం మీద కూర్చుని పాఠం చెప్తారు, పని మా నెత్తిన పడుద్ది" అని గొణిగి, తన మనుషుల్ని కేకేశాడు: "కట్టుతీగలు కొయ్యండ్రా. బీములు లేపాల."

కోటిలింగం సంతకం పెట్టాల్సిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండు రోజులు పట్టింది. కడ్డీల బోనులు ఎత్తిపట్టి, మూలమూలకూ నాలుగేసి రింగులు తొడిగి, వాటి కొనలు లోపలికి వంచి, అన్నీ కలిపి దింపాడు పోలయ్య. ఆ వంపుల్ని నేను వేలితో తడిమి చూశాను. నలభై ఏళ్ళలో అంత శుభ్రమైన పని మళ్ళీ చూడలేదు.

కాంక్రీటు పడుతుంటే కోటిలింగం దిగులుగా అన్నాడు. "ఆలస్యానికి మెమో వచ్చింది మాస్టారూ. చేసిన పని చూపిద్దామన్నా, ఇక ఎవరికీ కనబడదు."

బాగుచేసిన మంచం మీద మాస్టారు ఒకసారి కదిలి చూసుకున్నారు.

"తనిఖీకి ఒకరొస్తారులే నాయనా. చెప్పి రారు."