పక్క సీటు

ఆ ఎర్ర కారు మళ్ళీ షెడ్డు ముందు ఆగేసరికి లోకనాథానికి ఒళ్ళు మండిపోయింది.

అది వెనకటి కాలపు స్పోర్ట్స్ కారు. ఇంజను వెనకాల ఉంటుంది. సీట్లు రెండే. తయారైనప్పుడు దానికి ఏసీ లేదు, యజమాని జోగారావు గారు కోరి పెట్టించుకున్నారు. ముందున్న స్విచ్చు నుంచి వెనకున్న కంప్రెసరు దాకా వైరు లాగింది లోకనాథమే. విశాఖపట్నంలో ఖలందర్ సాయిబు గారి షెడ్డుకి బళ్ళు వచ్చేది వైరింగు కోసం. ఆయన శిష్యుల్లో చివరిదాకా నిలిచింది లోకనాథం ఒక్కడే. ఆ మాట ఎవరూ అనకపోతే తనే అనుకునేవాడు, కాస్త పైకి వినపడేలాగే.

"ఇంటి చుట్టుపక్కల తిప్పితే చల్లగానే ఉంటోందయ్యా," అన్నారు జోగారావు గారు. "భీమిలి దాకా వెళ్దామంటే మాత్రం దారిలోనే వేడిగాలి మొదలవుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఆవిడ బొత్తిగా ఉక్క తట్టుకోలేకపోతోంది. సాయంత్రంపూట ఆ సముద్రపొడ్డు షికారొక్కటే ఆవిడకి మిగిలింది. నిన్న కూడా సగం దారిలోంచే..."

"అమ్మగారి సంగతి తర్వాతండీ. బండి సంగతి చెప్పండి," అన్నాడు లోకనాథం.

పెద్దాయన తాళాలు బల్ల మీద పెట్టి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఎప్పటిలాగే ఫ్యూజు పోయింది. లోకనాథం కొత్తది వేశాడు. చల్లగాలి వచ్చింది. మీటరు తీసి స్విచ్చు చూశాడు, రిలే చూశాడు, కంప్రెసరు దగ్గర కరెంటు చూశాడు. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఎండకి ఏమైనా తేడా వస్తోందేమోనని మిట్టమధ్యాహ్నం భీమిలి దాకా తోలుకెళ్ళి, తోలుకొచ్చాడు. వస్తూ వస్తూ చలికి తుమ్మాడు కూడా.

ఈ తతంగం ప్రతిసారీ ఇలాగే జరుగుతోంది. ప్రతిసారీ బండి సరిగ్గా ఉందని తేల్చి పంపుతాడు. నాలుగు రోజులకి అది మళ్ళీ వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది.

ఆ భీమిలి దారిలోనే ఒక సందుంది. సందు చివర దమయంతి పుట్టిల్లు. దమయంతి లోకనాథం భార్య. వేసవి మొదట్లో అలిగి వెళ్ళింది. "ఈ ఇంట్లో నువ్వొక్కడివే ఉంటున్నట్టుంటావు. నేనున్నానో లేదో గోడల్ని అడిగి తెలుసుకోవాలి," అని వెళ్ళింది. అప్పట్నుంచీ లోకనాథం వండుకున్న అన్నం రోజూ మిగిలిపోతోంది. ఒక్కడికి ఎన్ని బియ్యం పొయ్యాలో చేతికి ఇంకా అలవాటు కాలేదు. రేడియో పెట్టుకుని తింటాడు. ఒంటరితనం అతన్ని కొరుక్కు తింటోంది. అంత బాధలోనూ ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు.

మొన్న బావమరిది ఫోన్ చేశాడు. "ఆదివారం లోగా వచ్చి ఓ మాట మాట్లాడు బావా. లేకపోతే రాజమండ్రిలో ఉద్యోగం చూసుకుని పోతానంటోంది. అలా పోతే ఇంక రాదు."

"నావైపు తప్పేం లేదు," అన్నాడు లోకనాథం. "రావాలనుంటే తనే వస్తుంది."

ఇవాళ శనివారం. మధ్యాహ్నం భీమిలి వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ ఆ సందు ముందు అతని కాలు యాక్సిలరేటర్ని ఇంకాస్త గట్టిగా నొక్కింది.

షెడ్డులో బండి దిగి, మీటరు తీగలు చుడుతూ అన్నాడు. "బండిలో తప్పేం లేదు గురువుగారూ. ఆయనకే వాడుకోడం రాదు."

సాయిబు గారు టీ తాగుతున్నారు. గ్లాసు ఖాళీ చేశారు. తర్వాత లేచి, ఎడమవైపు తలుపు తీసి, తన భారీ దేహాన్ని ఆ చిన్న సీటులో ఎలాగోలా కుదించి కూర్చున్నారు.

"పోనియ్యి," అన్నారు.

బీచి రోడ్డెక్కారు. లోపల వెన్నెల్లో ఉన్నట్టుంది. "చూశారా గురువుగారూ, ఎంత చల్లగా ఉందో!" అన్నాడు లోకనాథం. అంతలో స్పీడు బ్రేకరు వచ్చింది. సాయిబు గారు ఓసారి పైకి లేచి, దబ్బున సీటులో పడ్డారు.

కాసేపటికి గాలి గోరువెచ్చనైంది. ఆపైన వేడెక్కింది. సాయిబు గారు తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నారు.

"అదేంటండీ! నేనొక్కణ్ణీ తోలితే ఎప్పుడూ..." అంటూనే లోకనాథం ఆగిపోయాడు.

సాయిబు గారు అతని వైపు చూడలేదు. సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు.

షెడ్డుకి తిరిగొచ్చాక లోకనాథం ఎడమ సీటు విప్పాడు. దాని కింద ఇనప పట్టీ ఉంది. మనిషి కూర్చుంటే ఆ పట్టీ కిందికి దిగి వైరుని నొక్కుతోంది. వైరు తొడుగు ఒరిసిపోయి రాగి బయటపడింది. అది బాడీకి తగిలినప్పుడల్లా ఫ్యూజు పోతోంది. సీటు ఖాళీగా ఉంటే పట్టీ పైనే ఉంటుంది, వైరు జోలికి రాదు. దాన్ని అక్కడ పరిచింది తన చేతులే. పరిచేటప్పుడు ఆ సీటులో ఒక మనిషి కూర్చుంటుందన్న సంగతి అతనికి తోచనేలేదు.

జోగారావు గారు మాత్రం వచ్చిన ప్రతిసారీ చెబుతూనే ఉన్నారు.

సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. చచ్చిన వైరు పీకేసి, కొత్తది తలుపు అంచు వెంట లాగి, క్లిప్పులు బిగించాడు. సీటు బిగించేసరికి ఎండ వాలింది. సాయిబు గారు నమాజుకని పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు.

"ట్రయల్ వేసొస్తాను గురువుగారూ."

"వెయ్యి. ఒక్కడివే వెళ్ళకు."

లోకనాథం వెళ్ళి ఎడమవైపు తలుపు తీసి పట్టుకున్నాడు. సాయిబు గారు తల అడ్డంగా ఊపారు.

"నేను కూకుని చూశాను కదరా," అని, తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

లోకనాథం ఆ ఖాళీ సీటు వైపు ఓసారి చూసి, తలుపు మూసి, భీమిలి దారి పట్టాడు.

ఈసారి సందు దగ్గర అతని కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. సందులో ఆ ఎర్ర కారు పట్టీపట్టనట్టు పట్టింది. ఇంజను ఆపాక సముద్రపు హోరు వినిపించింది. ఇన్నిసార్లు ఈ దారిన పోయినా ఆ చప్పుడు అతను వినలేదు.

తలుపు దమయంతే తీసింది. చిక్కిపోయింది. అతన్ని చూసింది, కారుని చూసింది, మళ్ళీ అతన్ని చూసింది.

"నీ తప్పేం లేదని చెప్పడానికే వచ్చావా?"

అదివరకు ఆ మాట నాలిక చివరే ఉండేది. ఇప్పుడు అతను కారు వైపు చెయ్యి చూపించాడు.

"ట్రయల్ వెయ్యాలి," అన్నాడు. "పక్క సీటులో ఎవరైనా కూర్చుంటేగానీ తెలీదు. భీమిలి దాకా వస్తావా?"

ఆమె గుమ్మం దాటలేదు.

"మధ్యలో ఆగిపోతే?"

"తప్పు ఎక్కడుందో నువ్వే చెప్పాలి," అన్నాడు లోకనాథం. "నేను కూర్చునే చోటికి కనబడదు."