యుద్ధ తాంబూలం

మేడిసీమ అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఉదయకేసరి అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు గానీ బిరుదుల పిచ్చి మెండు. పొద్దున్నే వందిమాగధులు ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే, అవి పూర్తయ్యేసరికి ఎదురుగా పెట్టిన పాలు చల్లారి మీగడ కట్టేవి.

ఆ బిరుదుల్లో 'అరిగజసింహ' అన్నది ఆయనకు ప్రాణం. పొరుగునున్న చింతకోన రాజు అదే బిరుదు తానూ పెట్టుకున్నాడని ఒకనాడు వేగులవాళ్ళు కబురు తెచ్చారు. అంతే, చింతకోన మీద దండెత్తి తీరాలన్నాడు రాజు.

అయితే ఆ రాజ్యంలో యుద్ధానికి రాజు ఒక్కడూ అనుకుంటే చాలదు. అరవై నాడుల నాయకులూ రాజధానిలో మహాసభ తీరి సరేననాలి. అదీ పేరుకే లెండి. రాజు తల ఊపితే అరవై తలలూ ఊగేవి.

సంగతి పల్లెలకు పాకింది. పన్నెండేళ్ళ కిందటి యుద్ధాన్ని ఏ పల్లే ఇంకా మరిచిపోలేదు. నలభై ఊళ్ళ ఆడవాళ్ళు ఊరికి ఒకరిద్దరు చొప్పున సద్దిమూటలు కట్టుకుని నాలుగు రోజులు నడిచి రాజధానికి వచ్చారు. వాళ్ళకు పెద్దదిక్కు మగ్గం నేసే పోలమ్మ. మహాసభలో ఒక్క మాట చెప్పుకుని వెళ్ళిపోతామని ఆమె అడిగింది.

ఆ అరవైమంది నాయకుల్లో ఒకడైన దండనాయకుడు గుండమరాజు వాళ్ళను సభామండపం దరిదాపులకు రానివ్వలేదు. ఏనుగుల సాలలో ఓ మూల వెదురు దడి కట్టించి, "మీరు చెప్పదలచుకున్నదంతా ఇక్కడ చెప్పుకోండి. ఎవరూ అడ్డురారు" అన్నాడు. వాళ్ళు చెప్పారు. ఏనుగులు విన్నాయి.

చెన్నక్క రాజుగారి అడపకత్తె. తాంబూలపు పెట్టె పట్టుకుని రాజు పక్కన నిలబడటం, ఆకు చిలకలు చుట్టి అందించడం ఆమె పని. మూడు తరాలుగా వాళ్ళింటిదే ఆ కొలువు. ఆమె భర్త పోయిన యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఒక్కగానొక్క కొడుకు కొమ్మయ్యకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఈసారి దండులో వాడి పేరు ఉంది.

సభకు ముందురోజు మధ్యాహ్నం చెన్నక్క కడవతో మంచినీళ్ళు పట్టుకుని ఏనుగుల సాలకు వెళ్ళింది. మాటల్లో కొమ్మయ్య సంగతి చెప్పుకుంది.

"పొద్దస్తమానం రాజుగారి పక్కనే ఉంటావు గదమ్మా. మా మాట ఆయన చెవిన వెయ్యరాదూ" అంది పోలమ్మ.

"ఆయన చెవికి బిరుదులు తప్ప ఇంకేమీ ఎక్కవక్కా. నేను నోరు తెరిస్తే నా కొలువు పోతుంది. యుద్ధం మాత్రం ఆగదు."

"అయితే మీవాణ్ణి పంపేస్తావా?"

చెన్నక్క ఖాళీ కడవ చంకనెత్తుకుని వచ్చేసింది గానీ, ఆ మాట ఆమెను వదల్లేదు. రాజుతో వాదించి నెగ్గినవాడు ఇంతవరకూ లేడు. ఆయన్ను పొగడబోయి భంగపడ్డవాడూ లేడు. అది తలుచుకున్నాక ఆమెకు కాస్త ఊపిరి ఆడింది.

మర్నాడు పొద్దున రాజు ఆమెను పిలిచాడు. "చెన్నక్కా, ఈ రోజు అరవై తాంబూలాలు సిద్ధం చెయ్యి. యుద్ధానికి సరేనన్న ప్రతి నాయకుడూ సభలో అందరి ఎదుటా ఒకటి అందుకోవాలి."

"చిత్తం ప్రభూ. ఈ కాలపు పద్ధతిలో ఇమ్మంటారా, తమ తాతగారి కాలపు పద్ధతిలోనా?"

"తేడా ఏమిటి?"

"ఈ కాలంలో తాంబూలం నములుకుంటూ ఇంటికి పోతారు. తాతగారి కాలంలో యుద్ధ తాంబూలం అందుకున్నవాడు మొదటి వరుసలో తానే నడవాలి, కొడుకులను వెంటబెట్టుకుని నడవాలి. బదులు మనిషిని పంపడానికి లేదు. మా అమ్మమ్మ చెప్పేది. ఆ పౌరుషం ఆయనతోనే పోయిందిలెండి. మామూలుగానే ఇస్తాను."

రాజుకు ఎక్కడలేని రోషమూ వచ్చింది. "మా తాతగారికి నేనేం తీసిపోయాను? ఆయన పద్ధతే కానియ్యి. సభలో చాటింపు కూడా వేయిస్తాను" అన్నాడు.

మహాసభ తీరింది. రాజు చింతకోనవాడి పొగరు గురించి గంటసేపు మాట్లాడాడు. అరవైమందీ యుద్ధం యుద్ధం అంటూ మండపం దద్దరిల్లేలా కేకలు వేశారు. అప్పుడు చాటింపువాడు లేచి తాతగారి పద్ధతి చదివి వినిపించాడు. అరవైమందీ పక్కవాడి వంక చూశారు.

చెన్నక్క వెండిపళ్ళెంతో ముందుగా గుండమరాజు దగ్గరికి వెళ్ళింది. అందరికన్నా గట్టిగా అరిచింది ఆయనే మరి.

"మూడు రోజులుగా నోరు పొక్కి ఉంది. సున్నం తగిలితే ప్రాణం పోతుంది" అన్నాడాయన, దవడ పట్టుకుని.

"అయ్యో, దండు కదలకముందే ప్రాణం మీదికి వచ్చిందా" అని చెన్నక్క పక్కకు జరిగింది.

రెండో నాయకుడికి వైద్యుడు వక్క మానెయ్యమన్నాడట. మూడోవాడు, "కాశీలో తమలపాకు వదిలేశాను" అన్నాడు.

"నువ్వు కాశీకి ఎప్పుడు వెళ్ళావయ్యా?" అన్నాడు రాజు.

"వచ్చే నెలలో వెళుతున్నాను ప్రభూ."

ఒకాయనకు పళ్ళు లేవు. ఒకాయనకు మొక్కు ఉంది. ఇంకొకాయన నిద్ర నటించాడు. అరవైమందినీ దాటివచ్చినా పళ్ళెంలో అరవై తాంబూలాలూ అలాగే ఉన్నాయి.

"పిరికిపందలు" అన్నాడు రాజు, మొహం జేవురించగా.

చెన్నక్క సింహాసనం ముందు మోకరించి పళ్ళెం పైకెత్తింది. "ఇక తమరొక్కరే మిగిలారు ప్రభూ." రాజు ఒక్కటి అందుకున్నాడా, సిగ్గుపడి అరవైమందీ అందుకుంటారు. కొమ్మయ్య వెళ్ళిపోతాడు.

రాజు చెయ్యి చాచాడు. పక్కన కూర్చున్న యువరాజు తండ్రి వెంట నడవడానికి అప్పుడే లేచి నిలబడ్డాడు. పందొమ్మిదేళ్ళవాడు, మీసకట్టు ఇంకా సరిగా రాలేదు. రాజు కొడుకు వంక చూశాడు. చెయ్యి పళ్ళేనికి జానెడు దూరంలో ఆగిపోయింది.

"నాకు కూడా, నిన్నటి నుంచి కాస్త పంటి నొప్పిగా" అన్నాడు రాజు.

అన్నాక ఆ మాట తన చెవినే పడింది. ముందు మూతి బిగించాడు. ఆపుకోలేక ఒక్కసారిగా పకపకా నవ్వేశాడు. ఆయన నవ్వితే నవ్వవచ్చు గదా అని సభంతా నవ్వింది.

కళ్ళు తుడుచుకుని, "ఈ ఎత్తు నీకు ఎవరు చెప్పారే?" అని అడిగాడు.

"ఎవరూ చెప్పలేదు ప్రభూ. ఏనుగుల సాలలో పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు. యుద్ధం మాట ఎత్తితే వాళ్ళూ తమలాగే కొడుకులనే తలుచుకుంటున్నారు. కాకపోతే పంటి నొప్పి అనడం లేదు."

రాజు యువరాజును చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. తర్వాత, "ఆ బిరుదేదో చింతకోన రాజునే ఉంచుకోమనండి. వాళ్ళను లోపలికి పిలవండి" అన్నాడు. తన చేతి కడియం తీసి చెన్నక్కకు ఇచ్చి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"ఈ తాంబూలాలు వాడిపోతాయి ప్రభూ. తమ చేతులతో వాళ్ళకు ఇప్పించండి."

పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళలో సగంమంది భర్తలు పోయినవాళ్ళు మహారాజా. అలాంటివారికి తాంబూలం ఇవ్వడం మన ఆచారం కాదు."

"భర్తలు ఎలా పోయారు?" అన్నాడు రాజు.

పురోహితుడు తల దించుకున్నాడు.

"నేను పంపితే పోయారు. కాబట్టి ఇచ్చేదీ నేనే" అని రాజు సింహాసనం దిగాడు. ఆడవాళ్ళంతా లోపలికి వచ్చి నిలబడ్డాక, మొదటి తాంబూలం చెన్నక్క చేతిలో పెట్టాడు.

భర్త పోయాక పన్నెండేళ్ళుగా రాజుగారికి ఆకు చుట్టి ఇచ్చిన మనిషి, తను ఒక్కటి నోట పెట్టి ఎరగదు. దాన్ని కళ్ళకద్దుకుని, అందరూ చూస్తుండగానే నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. పోలమ్మ పక్కనే నిలబడి ఏడ్చింది.

సాయంత్రం ఇంటికి వెళితే కొమ్మయ్య తల్లిని చూసి తెల్లబోయాడు.

"అదేమిటమ్మా, నోరు ఎర్రగా పండింది?"

"యుద్ధం లేదురా" అంది చెన్నక్క.