ప్రాణం వదలని కాపలావాడు

కరెంటు వచ్చిన కొత్తలో కొండపేట రాజా ఉగ్రసింహ బహదూరుగారికి దీపాల పిచ్చి పట్టుకుంది. దర్బారు హాల్లో నెమలి ఆకారంలో యాభై బల్బులు పెట్టించారు. పింఛం పలచగా ఉందని మరో యాభై, మెడ కురచగా ఉందని ఇంకో ముప్ఫై. దాంతో ప్రభువులు సింహాసనం మీద కూర్చోగానే నెమలి టప్పున ఆరిపోయేది.

"ఇంకొక్కసారి ఆరిందో, నీ ఉద్యోగం కూడా ఆరిపోతుంది," అన్నారు రాజావారు, కరెంటు సూపరింటెండెంటు పద్మనాభంతో.

మర్నాటి నుంచి నెమలి ఆరితే ఒట్టు. అంతా తన మద్రాసు చదువు మహిమేనని పద్మనాభం మీసం దువ్వుకుంటూ కోటంతా తిరిగాడు.

పదోరోజు పొద్దున నిండు కొలువులో నెమలి వెనక పట్టుతెర భగ్గుమంది. మనుషులకేమీ కాలేదు గానీ, రాజావారి తాతగారి పటంలో సగం మీసం కాలిపోయింది.

పద్మనాభం తడుముకోకుండా, హాలు మూల గూట్లో నూనెదీపం పెట్టే ముసలి పైడయ్యని చూపించాడు. రాజావారు తాతగారి మీసం వంక చూసి, పొద్దుగూకేలోగా పైడయ్య కోట విడిచిపోవాలన్నారు. నలభై ఏళ్లుగా ఆ కోట తప్ప మరో చోటు ఎరగని మనిషి గూటి దగ్గరికి వెళ్లి దీపపు ప్రమిదని కండువాతో తుడవసాగాడు.

విదూషకుడు గవరయ్య ముందుకొచ్చాడు. భోజనాల వేళ దాకా గడువు అడిగి, నిచ్చెన వేయించుకున్నాడు.

పైడయ్య గూటి పక్క తెర చెక్కుచెదరలేదు. నెమలి నుంచి గోడ వెంట పోయిన తీగ మాత్రం పొడుగునా, తెరలు లేనిచోట కూడా, తొడుగు కరిగి నల్లబడి ఉంది. గవరయ్య ఆ తీగ వెంటే గుమ్మం పక్క ఫ్యూజు పెట్టె దాకా వెళ్లాడు. మూత తీసి, లోపలిదేదో కండువా కొంగున ముడేసుకుని కొలువుకొచ్చాడు.

"ప్రభూ, ఈ హాలుకి ఒక కాపలావాడున్నాడు. ముప్పు ముంచుకొస్తే అందరికన్నా ముందు తాను ప్రాణం వదలాలి. వాడి పని అదొక్కటే. హాలు కాలింది, వాడు నిక్షేపంలా ఉన్నాడు."

ఎవడా పిరికివాడని రాజావారు మండిపడ్డారు. పద్మనాభం ఎవరో గుమ్మం బంట్రోతు సంగతనుకుని, ఉత్సాహంగా లేచి అందుకున్నాడు.

"వాణ్ణి కాదు ప్రభూ, వాణ్ణి ఆ పనిలో పెట్టినవాణ్ణి ముందు శిక్షించాలి."

గవరయ్య ముడి విప్పాడు. అందులో అగ్గిపుల్లంత లావు రాగితీగ ఉంది.

"వీడే ప్రభూ. వెంట్రుకలా సన్నటివాడు ఉండాల్సిన చోట కూర్చున్నాడు. సన్నటివాడైతే బల్బుల భారానికి గోడ తీగ కాలకముందే తాను తెగి, కరెంటు ఆపి, కోటని కాపాడేవాడు. ఈ లావుపాటివాణ్ణి పెట్టిందెవరో సూపరింటెండెంటుగారే సెలవివ్వాలి."

పద్మనాభం మీసం వాలిపోయింది. ఆరితే ఉద్యోగం పోతుందన్నారని తీగ మార్చానంటూ నసిగాడు. తప్పులో సగం వాటా తమదేనని తెలిసి రాజావారు పకపకా నవ్వేశారు. పైడయ్యని దగ్గరికి పిలిచి, ఫ్యూజు పెట్టె తాళంచెవి చేతిలో పెట్టారు. ఇకమీదట రోజూ పొద్దున అతని ముందు ఆ మూత తీసి చూపించడం పద్మనాభం పని. గవరయ్య భుజాల మీద రాజావారి శాలువా పడింది.

వారం తిరక్కుండా కొత్త తీగలు వేశారు. రాజావారు ఉండబట్టలేక నెమలి ముక్కుకని ఇంకో పది బల్బులు పెట్టించి, తలుపులు మూయించి, మీట నొక్కించారు. నెమలి తళుక్కుమంది. టప్పున ఆరిపోయింది. పద్మనాభం గోడ తడుముకుంటూ ఫ్యూజు పెట్టె వైపు పరిగెత్తాడు.

చీకట్లోంచి గవరయ్య గొంతు వినిపించింది.

"కాపలావాడు వీరస్వర్గం అలంకరించాడు ప్రభూ."

అందరికన్నా ముందు నవ్వింది రాజావారే.