పసుపు కాళ్ళ వంశం

పాపికొండల దిగువన, అడవి అంచునున్న పల్లెలో ఒక కోళ్ళ గుంపు ఉండేది. దానికి పెద్ద డేగయ్య. ఎర్రటి ఈకలు, ఒంపు తిరిగిన తోక, పసుపు రాసుకున్నట్టు నిగనిగలాడే కాళ్ళు. పొద్దున్నే కూత పెట్టే ముందు కూడా ఓసారి వంగి తన కాళ్ళు చూసుకునే రకం. వాటి మీద అంత మురిపెం.

ఆయన పెళ్ళాం కౌజమ్మ. ఆమె తల్లి ఊరికోడి, తండ్రి అడవిపుంజు. తండ్రి నుంచి ఆమెకు నల్లటి కాళ్ళు వచ్చాయి, చిన్న చప్పుడుకే చెదిరిపోయే నిద్రా వచ్చింది. సాయంత్రం మిగతా కోళ్ళన్నీ మట్టిగూట్లో దూరితే కౌజమ్మా, ఆమెలాంటి నల్లకాళ్ళ పెట్టలూ ఇప్పచెట్టు కొమ్మెక్కి పడుకునేవి. ఎంత బతిమాలినా గూట్లోకి వచ్చేవి కావు.

ఆ కొమ్మే అడవిలో ఉండే ఓ నక్కకు కంట్లో నలుసు. గూడు కింద తవ్వి లోపలికి దూరాలంటే కాస్త సేపు పడుతుంది కదా. గోరు మట్టికి తగిలిందో లేదో కొమ్మ మీంచి కౌజమ్మ కేక పెట్టేది, ఊరికుక్కలు లేచేవి. నక్క తోక ముడుచుకుని అడవిలో పడేది.

ఒక మధ్యాహ్నం ఆ నక్క కంచె అవతల నిలబడి వినయంగా దగ్గింది.

“డేగయ్యగారండీ, తమరితో ఒక్క మాటండి.”

“అక్కణ్ణుంచే చెప్పు.”

“ఆయ్, ఇక్కణ్ణుంచేనండి. తమరి కాళ్ళు చూస్తే చాలండి, కడుపు నిండిపోద్ది. ఆ పసుపు మా అడవి కోళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తాదండి! కాకపోతే... నాకెందుకులెండి.”

“ఏంటో చెప్పు.”

“పక్కూరి పుంజులు నవ్వుకుంటున్నాయండి. డేగయ్యగారి గూటికి అడవి నెత్తురు పట్టిందంట, ఇక కొన్నాళ్ళకి అక్కడ పసుపు కాళ్ళే కనపడవంట.”

డేగయ్య మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. “ఏం చెయ్యమంటావు?”

“పెద్దలు తమరు, నేను చెప్పేదేముందండి. ఎవరు ఎవరో కాళ్ళే చెప్తాయి కదండి.”

ఆ మాట డేగయ్య బుర్రలో బాగా నాటుకుంది. పెంటకుప్ప ఎక్కి గుంపునంతా పిలిచాడు. “పసుపు కాళ్ళవాళ్ళు ఇటు రండి. నల్లకాళ్ళవాళ్ళు అడవికి పొండి.”

కౌజమ్మ రెక్కల కింద పిల్లలున్నాయి. కొన్నిటివి పసుపు కాళ్ళు, కొన్నిటివి నల్లవి.

“మరి పిల్లలో?” అంది.

“వాటికీ అదే లెక్క.”

“ఏమయ్యా, ఒక్క పొదుగులో లేచిన పిల్లలయ్యా ఇవి! నీ పిల్లలు!”

“నాకు నా వంశం కావాలి.”

డేగయ్య పిన్ని పర్లమ్మ, గుంపులో అందరికంటే ముసలిది, ముందుకొచ్చింది. “ఒరే, కొమ్మ మీద కాపలా ఎవరుంటార్రా రేపట్నుంచి?”

“నీ కాళ్ళు పసుపే కదా పిన్నీ, నీకెందుకు?”

పర్లమ్మ తన కాళ్ళకేసి చూసుకుని నోరు మూసుకుంది. నక్క చేసిన పాపం నక్క కడుపు కోసం చేసింది. ఈ ముసలిదాని మౌనాన్ని మాత్రం నేను క్షమించలేను.

కౌజమ్మ నల్లకాళ్ళ పిల్లల్ని తీసుకుని బయల్దేరింది. పసుపు కాళ్ళవి ఏడుస్తూ కంచె దాకా వెంటబడ్డాయి. డేగయ్య వాటిని రెక్కతో వెనక్కి నెట్టాడు.

ఆ రాత్రి నక్క వచ్చి తీరిగ్గా తవ్వింది. ఇప్పచెట్టు మీంచి చప్పుడు లేదు. గూట్లో అందరిదీ మొద్దునిద్ర. గోడ మొదలు కూలేసరికి, అమ్మ లేక ఓ మూల ముడుచుకున్న పిల్లలే ముందుగా నక్క నోటికి దొరికాయి. ఎక్కడో అడవి అంచున కౌజమ్మకు మెలకువ వచ్చి గుండె పగిలేలా అరిచింది. కాని ఆ అరుపు చాలా దూరం నుంచి వచ్చింది. కుక్కలు చేరుకునేసరికి ఆ పిల్లల్లో ఒకే ఒక్కటి మిగిలింది.

తెల్లారాక నక్క ఏటి అవతల బండ మీద మూతి నాక్కుంటూ కనిపించింది.

“మోసగాడా! నా వంశాన్ని మింగావు కదరా!” అని అరిచాడు డేగయ్య.

“మోసం నాదేనండి, కాదన్ను. కాని అడవి కోళ్ళన్నిటికీ నల్లకాళ్ళేనని తమరెలా నమ్మారండి? నల్లకాళ్ళవి తమరి వైపు ఉండే రకమండి. ఏటికి ఇవతల, నేనున్న వైపు, బూడిదరంగు అడవికోళ్ళున్నాయి. వాటిని తిని పారేసిన కాళ్ళు ఈ బండ వెనకాలే పడున్నాయి, వచ్చి చూసుకోండి. అచ్చం తమరి పసుపే! ఏ కాలంలోనో తమరి అవ్వ ఒకావిడ ఆ జాతి పుంజుతో కలవబట్టే కదండి, ఇయ్యాల తమరికి ఈ కాళ్ళు!”

డేగయ్య వంగి తన కాళ్ళు చూసుకున్నాడు. ఆ పొద్దున ఊళ్ళో కోడి కుయ్యలేదు.

మిగిలిన పిల్లను వెంటబెట్టుకుని అడవి అంచుకు వెళ్ళాడు. కౌజమ్మ అతని వెనక్కి చూసింది, ఇంకా ఎవరైనా వస్తున్నారేమోనని.

“ఇదొక్కటేనా?” అంది.

డేగయ్య పిల్లను రెక్కతో ముందుకు జరిపాడు. కౌజమ్మ రెక్క ఎత్తింది. పసుపు కాళ్ళ పిల్ల నల్లకాళ్ళ పిల్లల మధ్యకు దూరిపోయింది.

“ఇంటికి రా, కౌజూ.”

“వస్తాను. కాని నా పిల్లలేవీ ఇక గూట్లో పడుకోవు. అన్నీ కొమ్మ మీదే.”

ఆ సాయంత్రం డేగయ్య కూడా కొమ్మెక్కాలని చూశాడు. ఒళ్ళు బరువెక్కి ఎగరలేకపోయాడు. చెట్టు మొదట్లోనే కూర్చుని, పైన పిల్లలు సర్దుకుంటున్న చప్పుడు వింటూ ఉండిపోయాడు.

ఇది కోళ్ళ కథ కదా అని మనం నవ్వుకోనక్కర్లేదు. ఇప్పుడు భూమ్మీద లేని వేరే జాతుల మనుషులతో మన పూర్వీకులు కలిశారనీ, వాళ్ళ అంశ కొంత మనలో చాలామంది ఒంట్లో ఇంకా ఉందనీ, పాత ఎముకలు పరీక్షించినవాళ్ళు చెబుతున్నారు. చలిని, రోగాన్ని, కొండ మీది పలచని గాలిని తట్టుకునే శక్తి కొందరికి అలా వచ్చిందేనట.

నీతి: వంశం గొప్ప అని దేన్ని చూపించి ఒకరిని గెంటేస్తామో, అది మనకు ఎవరిచ్చారో ముందు తెలుసుకోవాలి.