బ్రోనా పీల్చిన ఊపిరి

ఫింటన్‌కి మూడు వారాలుగా తిండి సయించడం లేదు. కారణం వింటే నవ్వుతారు. ఒక్క ఊపిరిని రాయడం అతనికి చేతకాలేదు.

ఇది ఐర్లండ్ పడమటి సముద్రంలోని ఒక చిన్న దీవిలో జరిగింది. చాలా పాతకాలం మాట. దీవి మీద ఒక మఠం, మఠంలో పన్నెండుమంది సన్యాసులు, వాళ్ళకి గురువు లోర్కన్. ఫింటన్ అక్కడ లేఖకుడు. ముప్ఫై ఏళ్ళవాడు, దూరదేశంలో పెద్ద చదువులు చదివి వచ్చినవాడు. చెవిన పడ్డది ఏదైనా సరే అక్షరాల్లో పెట్టేయగలనని అతని ధీమా.

ఆ ధీమాతోనే ఒక పుస్తకం మొదలుపెట్టాడు. దీవిలో జనం మాటల మధ్య చేసే చప్పుళ్ళన్నీ పోగేసి రాయాలని. మనకి అబ్బ, ప్చ్, హమ్మయ్య ఉన్నట్టే వాళ్ళకీ ఉంటాయి కదా! వల చిరిగితే ‘ఓఖ్’ అంటారు. పక్కవాడు గొప్పలు పోతే ‘అరా’. పిల్ల పడి మోకాలు కొట్టుకుంటే ‘విషా, విషా’. ఒక్కో చప్పుడుకీ ఒక గడి గీసి, ఎవరన్నారో ఎందుకన్నారో పక్కన రాసుకున్నాడు. రెండు వందల పైచిలుకు గడులు నిండాయి. ఒక్కటి మాత్రం మొండికేసింది.

ఆ దీవివాళ్ళు దేనికైనా ఒప్పుకుంటే, నోరు కాస్త తెరిచి, ఊపిరి లోపలికి పీలుస్తూ ‘ఆ’ అంటారు. అంటారు అనడం కూడా తప్పేనేమో. మాట బయటికి రాదు, లోపలికి పోతుంది. ఫింటన్ ఎన్ని రకాలుగా రాసినా, తిరిగి చదివితే అది బయటికే వచ్చేది. రాసి, గీకి, మళ్ళీ రాసి, ఆ తోలు పత్రానికి చిల్లు పెట్టినంత పని చేశాడు.

“ఉన్న అక్షరాలన్నీ బయటికి వదిలేవే గురువుగారూ! లోపలికి పీల్చే అక్షరం ఎక్కణ్ణుంచి తేను?” అని మొరపెట్టుకున్నాడు.

లోర్కన్ వలకి మాసిక వేస్తున్నారు. తల ఎత్తకుండానే, అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఉత్తరం అందించారు. “ఇది బ్రోనాకి చదివి వినిపించు. ఆమె ఏమంటే అది రాసుకురా.”

బ్రోనా సంగతి దీవిలో అందరికీ తెలుసు. అక్కడ ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరనివ్వరు. సాయంత్రం నిప్పుల మీద నివురు కప్పి, పొద్దున్నే మళ్ళీ రాజేస్తారు. ముత్తాతల నాటి నిప్పు అలాగే బతికి వస్తుంది. బ్రోనా వాళ్ళమ్మ చనిపోయిన వారంలో, పొయ్యి చూసుకోవాల్సిన చెల్లెలు లసర్ ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. లేచేసరికి బూడిద. “అమ్మతోపాటు అమ్మ నిప్పునీ చంపావు. ఈ గడప తొక్కకు” అంది బ్రోనా. లసర్ సముద్రం దాటి, అవతలి ఒడ్డున సన్యాసినుల ఆశ్రమంలో పనికి కుదిరింది. ఇరవై రెండేళ్ళయింది. ఈ అక్కాచెల్లెళ్ళు మళ్ళీ మొహాలు చూసుకోలేదు.

ఫింటన్ వెళ్ళేసరికి బ్రోనా వెన్న చిలుకుతోంది. అతను ఉత్తరం చదివాడు.

“అక్కా, నేను ఈ చలికాలం దాటేలా లేను. మన పొయ్యి పక్కనే పోవాలని ఉంది. రావచ్చా?”

కవ్వం ఆగింది.

“దగ్గు ఉందటా?” అంది బ్రోనా.

“రాయలేదమ్మా.”

“ఉండే ఉంటుంది. చిన్నప్పట్నుంచీ అంతే, మంచులో తిరగొద్దంటే వినేదా?” మళ్ళీ చిలకడం మొదలుపెట్టింది. నాలుగు సార్లు చిలికి చేతులు వదిలేసింది. పొయ్యి వైపు చూస్తూ, నోరు కాస్త తెరిచి, ఊపిరి లోపలికి తీసుకుంది.

అంతే. గదిలో గాలంతా ఆ ఊపిరితోపాటు లోపలికి పోయినట్టయింది. ఫింటన్ ఇన్నాళ్ళూ వెతుకుతున్న చప్పుడే, కానీ ఇలా ఎప్పుడూ వినలేదు.

ఆమె మళ్ళీ కవ్వం పట్టుకుంది. ఫింటన్ ఈక కలం సిరాలో ముంచి, ఆలోచించి ఆలోచించి, చివరికి చక్కని దస్తూరీలో రాశాడు: ‘అలాగే. తప్పకుండా రా చెల్లీ.’ అర్థం అదే కదా!

మర్నాడు పొద్దున్నే గురుశిష్యులిద్దరూ పడవలో అవతలి ఒడ్డుకి వెళ్ళారు. లసర్ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎముకలూ కళ్ళూ తప్ప ఏమీ మిగల్లేదామెలో. వాళ్ళని చూడగానే లేవబోయింది, లేవలేకపోయింది.

“ఏమంది?” అనడిగింది.

ఫింటన్ చదివాడు. లసర్ మొహం చూడాలి! వెలుగుతుందనుకున్న మొహం కాస్తా మాడిపోయింది.

“మా అక్క నన్ను చెల్లీ అని ఎప్పుడు పిలిచింది బాబూ?” అంది. “దాని నోట్లో ‘తప్పకుండా’ అనే మాట పట్టదు. ఇది నీ మంచితనం. చచ్చేదాన్ని కదా, నొప్పించడం ఎందుకని రాశావు.”

“లేదమ్మా! ఒట్టు. ఆమె ఒప్పుకుంది.”

“ఒప్పుకుంటే ఎలా అందో అలాగే చెప్పు.”

ఫింటన్ చేతిలోని పత్రాన్ని మళ్ళీ తిరగేశాడు.

“చూశావా? పిలవని గడప నేను తొక్కను. చచ్చినా తొక్కను.” గోడ వైపు తిరిగిపోయింది.

ఫింటన్ అందమైన దస్తూరీ ఒక మనిషిని ఇంటికి కాకుండా చేస్తోంది. సాయం చెయ్యమన్నట్టు అతను గురువుగారి వైపు చూశాడు.

లోర్కన్ అతని చేతిలోంచి పత్రం తీసుకున్నారు. నడుముకున్న చిన్న కత్తి తీసి, సిరా ఇంకా లోపలికి ఇంకని ఆ అక్షరాల్ని ఒక్కొక్కటే గీకేశారు. పొట్టు ఊదేశారు. తెల్లటి పత్రం శిష్యుడికి తిరిగిచ్చారు.

“ఇప్పుడు చదువు” అన్నారు.

ఫింటన్ ఖాళీ పత్రం వంక చూశాడు. చదవడానికి ఏముంది? ఆగిన కవ్వం కనిపించింది. పొయ్యి వైపు తిరిగిన ఆ ముసలి మొహం కనిపించింది. ఆమె నోరు ఎలా తెరుచుకుందో కనిపించింది. తనకి తెలియకుండానే అతని నోరు తెరుచుకుంది. ఊపిరి లోపలికి వెళ్ళింది.

‘ఆ.’

లసర్ గిరుక్కున ఇటు తిరిగింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“అదే మా అక్క!” అంది. “ఆ చివర చిన్నగా ఆగడం... అది మా అమ్మది. అమ్మ పోయాక మళ్ళీ వినలేదు బాబూ నేను.” భోరుమంది.

ఫింటన్ బిగుసుకుపోయాడు. తను ఎన్నడూ చూడని ఒక తల్లి ఊపిరి ఇంతసేపూ తన గుండెల్లో ఉందన్నమాట. సముద్రం మీద ఇంత దూరం దాన్ని మోసుకొచ్చాడు, మోస్తున్నట్టు తెలియనే తెలియదు. భయం వేసింది. దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ మధ్యాహ్నమే లసర్‌ని దుప్పట్లో చుట్టి పడవలో తీసుకొచ్చారు. బ్రోనా గుమ్మంలో నిలబడి ఉంది. చెల్లెల్ని కింది నుంచి పైదాకా చూసింది.

“కాళ్ళు తుడుచుకో, బురద” అని పక్కకి తప్పుకుంది.

గురుశిష్యులకి పాలూ రొట్టే పెట్టింది. చెల్లెలికి ఒక గిన్నెడు వెచ్చటి పాలు. పొద్దు వాలింది, పొయ్యి కప్పే వేళయింది. బ్రోనా లేచి పట్టకారు తీసుకుంది. నాలుగడుగులు నడిచి, దాన్ని లసర్ ఒళ్ళో పెట్టింది.

“ఇవాళ నిప్పు నువ్వు కప్పు” అంది.

లసర్ పట్టకారు వంక చూసింది, అక్క వంక చూసింది. నోరు కాస్త తెరిచి ఊపిరి లోపలికి తీసుకుంది. ‘ఆ.’ పొయ్యి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, ఒక్కొక్క నిప్పునే దగ్గరికి చేర్చి, పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు నివురు కప్పింది. బ్రోనా పక్కనే కూలబడి, చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఫింటన్ ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది. ఖాళీ గడి ఉన్న పుట. కళ్ళ నీళ్ళకి గీతలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి.

“రాసుకోవా నాయనా?” అన్నారు లోర్కన్ మెల్లగా.

“నా వల్ల కాదు గురువుగారూ. ఈ గడి ఖాళీగానే ఉండిపోతుంది.”

“ఉండనీ” అన్నారాయన. “చదవగలిగినవాళ్ళు చదువుకుంటారు.”